గడ్డకి గాలాడలేదంట

మా నాన్న గోచీ కట్టడం మానేశాడన్న సంగతి మా మావ ఫోన్ చేసి చెప్పాడు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు గడపల అవతల ఉంటాడు. బావని ఆటపట్టించడం కన్నా ముఖ్యమైన పని ఆయనకి ఈ భూమ్మీద ఇంకోటి లేదు. నేనప్పుడు రాజాంలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఇంటర్ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను.

"ఒలే గుంటా, మీ నానకి ఏటి సెప్పినావే నువ్వు?" అంటూ మొదలుపెట్టాడు. నవ్వుతో మాట సాగడం లేదు. "పొద్దున్నుంచి టీ కొట్టు కాడ కూకోని, గోసీ కట్టకండ్రా, గోసీ కడితే లోపల గాలాడక గడ్డలొస్తాయంట అని అందరికీ సెప్తన్నాడు. మా గుంట సెప్పినాది, అది కాలేజీలో పాటాలు సెప్తాది, దానికి తెలీదేటి అంతన్నాడు. కుర్రోళ్ళు నవ్వలేక సస్తన్నారు. ఆళ్ళు ఏసుకునేవి జీన్సు పేంట్లు కదేటి, మరి ఆటితో కూడా ఆ జబ్బొస్తాదేటి తాతా అని అడుగుతన్నారు."

పక్క కుర్చీలో కెమిస్ట్రీ మేడమ్ ఉంది. ఫోన్లో మావ గొంతు ఆవిడకి వినిపిస్తూనే ఉంటుంది, ఆయన గొంతు అలాంటిది. నేను లేచి వరండాలోకి వచ్చేశాను. చెవులు కాలిపోతున్నాయి. గోచీ అన్న మాట నా నోటి నుంచి రాలేదు, ఒట్టు వేసి చెబుతాను. కానీ ఆ మాట దాకా మా నాన్నని వేలు పట్టుకుని నడిపించింది మాత్రం నేనే.

"డాకటరు దగ్గిరికి మళ్ళీ ఎల్లడంట," అన్నాడు మావ, నవ్వు కాస్త తగ్గించి. "గాలి తగులుతన్నాది కదా, ఇప్పుడు సులువుగా ఉన్నాది, ఇంజిసను ఒద్దు అంతన్నాడు. అసలేటి జబ్బే అది? మీ యమ్మా సెప్పదు, నువ్వూ సెప్పవు."

ఆ మాటతో సిగ్గు పక్కకి పోయి భయం పట్టుకుంది. ఇంజెక్షన్ ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు నాకు గట్టిగా చెప్పాడు. నాకే చెప్పాడు, నాన్నకి కాదు. అదే అసలు తగలాటం.

విశాఖలో ఆసుపత్రికి నాన్నని తీసుకెళ్ళింది నేను. నాకు అన్నదమ్ములు లేరు. మా ఆయనకి ఆ రోజు సెలవు దొరకలేదు. మావ వస్తానంటే నాన్నే వద్దన్నాడు. వాడొస్తే సాయంత్రానికల్లా ఊరంతా టాంటాం అవుతుందని ఆయన భయం. చివరికి టాంటాం ఆయనే వేసుకున్నాడు, అది వేరే సంగతి.

డాక్టరు కుర్రవాడు, మంచివాడు, బయట జనం కిటకిటలాడుతుంటే తొందరలో ఉన్నాడు. నేను జువాలజీ లెక్చరర్నని తెలిశాక ఇక నాన్న వైపు చూడడం మానేసి నాతోనే, సగం ఇంగ్లీషులో మాట్లాడాడు. ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్. తుంటి ఎముకలోనూ వెన్నులోనూ మచ్చలు కనిపిస్తున్నాయి, అంటే పాకింది. నాన్న పక్క కుర్చీలో చేతులు తొడల మధ్య పెట్టుకుని, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. డాక్టరు ఆయన్ని నేరుగా అడిగింది ఒక్కటే: "ఎన్నాళ్ళ నుంచి మూత్రంలో రక్తం పడుతోంది?" నాన్న నా వైపు ఒకసారి చూసి, తల దించుకుని, "ఈమజ్జినే బాబూ" అన్నాడు. నేను గోడ మీద కేలండరు చూస్తున్నట్టు నటించాను.

చడీ చప్పుడూ లేకుండా ఇంత దూరం ఎలా పాకిందని అడిగాను. పాఠం చెప్పేదాన్ని కదా, పాఠంలా అడిగితే ఏడుపు రాదు. ఆయన కూడా పాఠంలాగే చెప్పాడు. గడ్డ పెరిగినంత వేగంగా దాని లోపలికి రక్తనాళాలు పెరగవు. పెరిగినా వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. దాంతో లోపలి కణాలకి ఆక్సిజన్ అందదు. అందక చచ్చిపోతే మంచిదే, కొన్ని చస్తాయి కూడా. మిగిలినవే ప్రమాదం. ఆక్సిజన్ తక్కువైందని పసిగట్టి అవి తమ స్వభావం మార్చేసుకుంటాయి. పక్క కణాల్ని పట్టుకుని ఉండే పట్టు వదిలేస్తాయి, దారిలో అడ్డమొచ్చినదాన్ని కరిగించుకుంటూ రక్తంలోకి దిగి వేరే చోటికి పోతాయి. ఈ గ్రంథి నుంచి బయల్దేరినవి ఎక్కువగా ఎముకల్లోకే చేరతాయి. అలాంటివి మందుకీ రేడియేషన్‌కీ కూడా ఓ పట్టాన లొంగవు.

ఇప్పుడు చెయ్యాల్సింది మగ హార్మోనుని ఆపే ఇంజెక్షన్, మూడేసి నెలలకోసారి, అన్నాడు. దానివల్ల వచ్చే మార్పులన్నీ వరసగా చెప్పాడు. "ఆయనకి అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. మీరు చదువుకున్నవారు, మీరే వివరంగా చెప్పి వచ్చే వారం తీసుకురండి," అని బెల్లు కొట్టాడు. ఈలోగా వాడమని నొప్పికీ, మూత్రం సాఫీగా రావడానికీ మాత్రలు రాశాడు.

మీరే వివరంగా చెప్పండి. ఎంత తేలిగ్గా అనేశాడు!

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ఎవరో పెద్దమనిషి, వెనక సీట్లో ఆడపిల్లలు. బస్సు భోగాపురం దాటాక అడిగాడు.

"ఏటంతాడమ్మా డాకటరు?"

"గడ్డంట నాన. లోపల గాలాడక ముదిరిపోనాదంట."

"ఎక్కడ?"

"కింద," అన్నాను.

అంతే అన్నాను. అంతకు మించి ఒక్క ముక్క నా నోటికి రాలేదు. ఆయన, "మరేటి సేస్తారంట?" అన్నాడు. ఇంజెక్షన్ ఇస్తారన్నాను. దేనికని అడిగాడు. తగ్గడానికన్నాను. ఆయన "అలగా" అని బయటికి చూడడం మొదలుపెట్టాడు. నేను ఫోన్ తీసి, ఏమీ లేని ఫోన్‌ని ఏదో ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాను.

నా సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా నేను బోర్డు వైపు తిరిగి, బొమ్మ గీస్తూ, పేర్లన్నీ ఇంగ్లీషులో గడగడా చదివేసి పిల్లల వైపు తిరిగేలోపు తర్వాతి భాగంలోకి వెళ్ళిపోతాను. ఆ పేర్లు ఇంగ్లీషులో ఉంటే శాస్త్రం. మా ఊరి తెలుగులో ఉంటే బూతు. మధ్యలో సంస్కృతం మాటలున్నాయి గానీ వాటిని మా నాన్నకి చెబితే పెళ్ళిమంత్రం అనుకుని దణ్ణం పెడతాడు. ఇన్నేళ్ళు చదివీ, చదివించీ, కన్నతండ్రికి ఆయన ఒంట్లో ఉన్న అవయవం పేరు చెప్పలేకపోయాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక ఆయన చేసింది మామూలు కూడికే. కింద అన్నాను, గాలాడలేదన్నాను. ఆయన కింద ఉన్నదేమిటి? చిన్నప్పటి నుంచి కట్టిన గోచీ. పొలంలో దిగినా, పంచె కట్టుకుని పెళ్ళికెళ్ళినా లోపల బిగించి కట్టిన గోచీ ఉండాల్సిందే. అది లేకపోతే నడుం నిలబడదనేవాడు. ఇంటికొచ్చిన మర్నాడే విప్పి అవతల పారేశాడు. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేసి నొప్పి తగ్గింది, మూత్రం సులువైంది. ఆ ఘనత కూడా గాలికే పోయింది.

ఆ ఆదివారం ఊరెళ్ళాను. మా ఊరు రాజాంకీ పొందూరుకీ మధ్యన ఉంటుంది. అమ్మ మంచాన్ని సరిగ్గా గాలి దూరే నడవలోకి లాగి వేసింది. నాన్న వదులు లుంగీతో పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే గబుక్కున లేచి లుంగీ మోకాళ్ళ మధ్యకి దగ్గరగా నొక్కుకున్నాడు. ఆయన మొహంలో ఆ కంగారు చూసి నేను కూడా ఎటు చూడాలో తెలీక దూలం వైపు చూశాను.

"గోసీ వల్ల కాదు నాన," అన్నాను దూలంతోనే.

"ఏటే ఆ మాటలు?" అని అమ్మ వంటింట్లోంచి కసిరింది. "ఆడపిల్లవి, తండ్రితోటి మాటాడే మాటలేనా అవి? మీ మావున్నాడు, ఆడితో సెప్పించరాదా?"

పిలవకుండానే మావ దిగాడు. "ఏటి బావా, గాలి సరిపోతన్నాదా? లేకపోతే కరోనాలో తెచ్చినట్టు ఆక్సిజన్ సిలిండరు తెమ్మంతావా? గొట్టం ముక్కుకి కాదులే," అని పకపకా నవ్వి, పెరట్లోకెళ్ళి వచ్చి, ఇంకో రెండు జోకులేసి, మళ్ళీ పెరట్లోకెళ్ళాడు. వచ్చేసరికి నేను కాచుకుని ఉన్నాను.

"సాల్లే మావా! నవ్వులాట కాదది!" అని అరిచాను. ఇల్లంతా అదిరింది. మావ మొహం చిన్నబోయింది. అమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని పొలం వైపు వెళ్ళిపోయాడు. కూతురు ఇంటికొచ్చి, బావమరిది ముందు, తన గోచీ గురించి కేకలేసింది. ఏ మగవాడు నిలబడతాడు అక్కడ?

కాసేపాగి నేనూ వెళ్ళాను. ఆయన ఒకప్పుడు నార కోసం గోగు ఊరవేసే చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ గోగు వెయ్యడం లేదు, అందరూ మొక్కజొన్నకి మారిపోయారు. చెరువు నిండా గుర్రపుడెక్క అల్లుకుపోయింది. నేను ఆయన ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాను, ఇద్దరం నీళ్ళ వైపే చూసేలా. మొహాలు కనపడకపోతే కాస్త ధైర్యం వస్తుందని అప్పుడే తెలిసింది.

నా చిన్నప్పుడు ఇదే చెరువులో గోగు కట్టలు ముంచి, పైన బురద పెళ్ళలు పెట్టేవారు. నార ఊడిరావడానికి అవి కుళ్ళాలి. నాన్న గోచీతో నడుంలోతు నీళ్ళలో దిగి ఆ కట్టల్ని తొక్కేవాడు. నాలుగు రోజులకే నీళ్ళు నల్లబడి ఊరంతా కంపు కొట్టేది. నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుచుకునేవి. మేం పిల్లలం బుట్టలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం.

"నాన, గోగు ఊరేసినప్పుడు ఈ సెరువులో సేపలన్నీ సచ్చేవి, గుర్తున్నాదా?" అన్నాను.

"ఎందుకు లేదు?"

"అన్నీ సచ్చేవా?"

ఆయన నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "కొర్రమీను సచ్చేది కాదు. అది మొండిది. పైకొచ్చి గాలి పీల్సుకుంతాది. మరీ కంపైపోతే తడి గట్టు మీద పాక్కుంటా ఎల్లి మడిలో పడిపోతాది. మన వరి మడిలో నాను పట్టలేదేటి?"

"నీ గడ్డలో అదే జరిగినాది నాన."

అప్పుడు చెప్పాను. పైన తగిలే గాలి సంగతి కాదని, నెత్తురు మోసుకెళ్ళే గాలి సంగతని చెప్పాను. మూత్రం సంచి కింద మగవాళ్ళకి ఒక కాయ ఉంటుందని, అందులో గడ్డ లేచిందని, దాని పేరు కేన్సరని చెప్పాను. "గడ్డ గబగబా పెరిగిపోనాది. లోపల దాకా నెత్తురు ఎల్లలేదు. అక్కడున్నవి కొన్ని సచ్చినాయి. సావనివి మొండికేసినాయి. ఆ కంపులో బతకడం నేర్సుకోని, గట్టెక్కి, నెత్తురు కాలవలో పడి ఎల్లిపోనాయి. గోసీ కట్టినా ఒకటే, ఇప్పీసినా ఒకటే."

"ఎక్కడికెల్లినాయి?"

"ఎముకల్లోకి." నా తుంటి మీద, నా నడుం మీద చెయ్యి పెట్టి చూపించాను.

నాన్న తన తుంటి తడుముకున్నాడు. "ఈ నొప్పి అదేనేటి?"

"అదే నాన."

నాకు ఆ గట్టు మీద కూర్చుని ఏడవాలనిపించింది, ఏడవలేదు. తర్వాత ఆయన అన్న మొదటి మాట, "ఓలమ్మ, మరి నాను ఊరందరికీ గోసీ అని సెప్పీసినాను కదే," అని. ఆ సిగ్గు ఆయనది కాదు, నాది. పెద్దమనిషిని టీ కొట్టు దగ్గర కుర్రకారుకి నవ్వులపాలు చేసింది నా చదువు.

ఇంకా సగం మిగిలి ఉంది. ఆయనే అడిగాడు, ఇంజెక్షన్ దేనికని. ఈసారి తగ్గడానికి అనలేదు. గట్టు మీద గడ్డి పీకుతూ చెప్పాను. మగవాడి ఒంట్లో ఊరే రసమే ఆ కణాలకి మేతని, ఆ రసం ఆపేస్తారని చెప్పాను. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు వస్తాయని, నీరసం ఉంటుందని, రొమ్ములు కాస్త ఉబ్బవచ్చని చెప్పాను. ఇక ఆఖరిది కూడా చెప్పాను, ఆ కోరిక ఉండదని. ఆ మాట అనేసరికి నా చేతిలో గడ్డి వేళ్ళతో సహా ఊడి వచ్చింది.

"కోడెకి నొక్కించినట్టా?" అన్నాడు.

కోడెదూడల్ని కాడికి కట్టే ముందు, ఎద్దుల్ని చేయించడానికి పశువుల ఆసుపత్రికి తోలుకెళ్ళేవాడు ఆయన. నేనెన్నోసార్లు వెనక నడిచాను, ఆసుపత్రి గేటు దాకా. లోపల ఏం చేస్తారని నేనెప్పుడూ అడగలేదు, ఆయనెప్పుడూ చెప్పలేదు.

"అలాటిదే నాన. నొప్పుండదు. ఇంజిసనే."

"అది సేస్తే ఆ సేపలు సస్తాయేటి?"

"అన్నీ సావవు. కానీ మేత లేక డీలా పడిపోతాయి. సాన్నాళ్ళు కదలవు. సెయ్యకపోతే ఇంకా ఇంకా పాకుతాయి."

నాన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు. గట్టు దిగుతూ, "మీ మావకి మాత్రం తెలవకూడదు," అన్నాడు. అంటే ఇంజెక్షన్‌కి వస్తాడని అర్థం. నేను కళ్ళు తుడుచుకుని వెనకే నడిచాను.

ఆ వారం విశాఖలో ఇంజెక్షన్ పొట్ట మీద ఇచ్చారు. నర్సు నన్ను బయట ఉండమంది. డాక్టరు నాన్నని, "ఇది దేనికో తెలుసా?" అని అడిగాడంట. "మా గుంట సెప్పినాది బాబూ, అంతా సెప్పినాది," అన్నాడంట నాన్న. బయటికొచ్చి నాకు ఆ ముక్క చెప్పి, మెచ్చుకోలుగా తలాడించాడు. ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంది. అంతా చెప్పింది నిజమే, ఆయన ఇంజెక్షన్ వద్దన్నాక, ఊరంతా నవ్వాక.

బస్సులో ఈసారి నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు నిండుగా ఉంది. చీపురుపల్లి దాకా నాన్న నిద్రపోతున్నాడనే అనుకున్నాను. కళ్ళు మూసుకునే అన్నాడు:

"ఆ డాకటరు నెత్తురు ఎప్పట్నించి పడతన్నాదని అడిగినాడు కదా. ఈమజ్జినే అన్నాను. కాదు. నిరుడు కోతలప్పట్నించీ పడతన్నాది."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన కళ్ళు తెరవలేదు.

"నన్ను ఆసుపత్రికి తీసికెల్లాలంటే నువ్వే కదా తీసికెల్లాల. నీతోటి ఎలగ సెప్పేది, నెత్తురు ఎక్కడ్నించి పడతన్నాదో? సిగ్గేసినాది." తువ్వాలు ఒళ్ళోకి లాక్కుని, "అప్పుడే సెప్పుంటే ఆ సేప గట్టెక్కేది కాదేమో కదే?" అన్నాడు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఏం లేదు నాన, ఎప్పుడొచ్చినా ఒకటే అనాలని. ఇలాంటి అబద్ధాలు నాకు చాలా బాగా వచ్చు. బయాలజీ చదివిన కూతురు పక్క వీధిలో ఉన్నట్టు దగ్గర్లోనే ఉండగా, ఒక ముసలాయన ఏడాది పాటు నెత్తురు చూసుకుని నోరు మూసుకున్నాడు. కూతురు ఎలాంటి మనిషో ఆయనకి తెలుసు. ఆ మాటలు వింటే అది ఎటు చూడాలో తెలీక దూలం వైపు చూస్తుందని తెలుసు.

"ఎక్కేది కాదేమో నాన," అన్నాను.

ఆయన తలూపాడు. "అదే అనుకున్నాను," అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. పెద్దయ్యాక ఎప్పుడూ పట్టుకోలేదు. అరచెయ్యి ఇంకా గరుగ్గానే ఉంది.

రాజాం బస్టాండులోకి బస్సు తిరుగుతుంటే ఆయన సంచీ సర్దుకుంటూ, ఉన్నట్టుండి, "మీ మావ ఉన్నాడు కదా, ఆడు కూడా మాటిమాటికీ ఒంటికని పెరట్లోకి ఎల్తన్నాడు. సూసినావా?" అన్నాడు.

చూశాను. జోకుకీ జోకుకీ మధ్య లేచి వెళ్ళడం నేనూ చూశాను. అంతకు ముందు, అసలేటి జబ్బే అది అని ఆయన ఫోన్లో అడిగినప్పుడూ జవాబు చెప్పలేదు, చూశాక కూడా చెప్పలేదు.

"ఆడికి పరీచ్చ సేయించాల. నాను సెప్తే నవ్వుతాడు. నువ్వు సెప్పు," అన్నాడు నాన్న, బస్సు దిగడానికి నా భుజం పట్టుకుని. "ఈసారి కింద అని మాత్రం సెప్పకు."